ఇస్త్రీ చేసిన చేతులు

అక్కకి కీళ్ళ మందు మొదలుపెట్టాలంటే ముందు జరగాల్సిన పనులు ఇవి:

రక్తం ఇవ్వాలి. పొద్దున్నే, ఏమీ తినకుండా.
కాలేయం ఎలా ఉందో చూడ్డానికి ఇంకో గదిలో ఇంకో సీసాడు రక్తం ఇవ్వాలి.
ఛాతీకి ఎక్స్‌రే తీయించాలి.
రెండు చేతులూ పలక మీద పరిచి వాటికీ తీయించాలి.
ఛాతీ బొమ్మను ఊపిరితిత్తుల డాక్టరు చూసి, పర్వాలేదని సంతకం పెట్టాలి.
ఇవన్నీ పట్టుకుని మళ్ళీ కీళ్ళ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాలి. ఆవిడ ఒక్కో కీలూ నొక్కి చూసి ముందు వరసో వెనక వరసో తేలుస్తుంది.
వరస వచ్చాక నర్సు పిలుస్తుంది. పిలిచినప్పుడు పలకాలి.

ఆవిరమ్మ వీటిని ఎక్కడా రాసుకోలేదు. బట్టగా లోపలికి వచ్చిన గుడ్డ కోటుగా బయటికి వెళ్ళేలోపు ఏ పని తర్వాత ఏ పని జరగాలో ఆమెకు నోటికి వచ్చు. ఇవీ అలాగే పట్టుబడ్డాయి. తేడా ఒక్కటే. కోటు పని ఎవరి దగ్గరైనా ఆగిపోతే వెళ్ళి వాళ్ళ మీద అరవచ్చు. ఆసుపత్రిలో ఎవరి మీద అరవాలో తెలియదు.

ఆవిరమ్మ అసలు పేరు షాపులో ఎవరూ వాడరు. కోట్లు కుట్టే ఆ షాపు వెనక గదిలో, ఇస్త్రీ బల్ల దగ్గర, తడిగుడ్డలోంచి లేచే ఆవిరి మధ్య రోజంతా నిలబడి ఉంటుందని కత్తెర మాస్టారు ఎప్పుడో సరదాకి పెట్టిన పేరు అది. అలా అతుక్కుపోయింది. ఆమె అక్కా అని పిలిచే తోడికోడలికీ అలాంటి పేరే, కాజాలక్క. కోటు ముందు భాగానికి చేత్తో కాజాలు కుట్టడం ఆమె పని.

ఇద్దరూ షాపు మీది రెండు గదుల్లో ఉంటారు. కాజాలక్క భర్త పోయి చాలా ఏళ్ళయింది. ఆవిరమ్మ భర్త సరుకు లారీ తోలతాడు, ఇంటికి చుట్టంచూపుగా వస్తుంటాడు. అందుకని ఆ ఇంట్లో కాపురమంటూ ఉంటే అది ఈ ఇద్దరిదే. ఆవిరమ్మ కొత్తకోడలిగా వచ్చిన రోజుల్లో సూదిలో దారం ఎక్కించడం కూడా రాదు. పని నేర్పిందీ, తిట్టిందీ, తిట్టాక పిలిచి ముద్ద పెట్టిందీ అక్కే.

కాజా అంటే మనం గుండీ దూర్చేసి మరిచిపోయే చీలిక. దాని వెనక పని ఎవరి కంటా పడదు. సుద్దతో గీసిన గీత మీద చిన్న ఉలి పెట్టి కర్రసుత్తితో ఒకే ఒక్క దెబ్బ వెయ్యాలి. దెబ్బ గీత దాటిందో, కోటు ముందు భాగం మొత్తం పోయినట్టే. విప్పి మళ్ళీ కుట్టుకోవడానికి అది కుట్టు కాదు, కోత. ఆ తర్వాత చీలిక అంచున గట్టి దారం పరిచి, దాన్ని పట్టుదారంతో కప్పుకుంటూ, కుట్టు కుట్టుకీ ఒక ముడి అంచు మీద కూర్చునేలా లాగాలి. గట్టిగా లాగితే బట్ట ముడుచుకుంటుంది, మెత్తగా లాగితే కాజా నోరు తెరుస్తుంది. ఆ లాగుడంతా బొటనవేలికీ చూపుడువేలికీ మధ్యే ఉంది. కాజాలక్క ముడులు ఆవగింజలు పక్కపక్కన పేర్చినట్టు ఉండేవి. ఆ దారానికి మైనం రాసి, రెండు కాగితాల మధ్య పెట్టి, వేడి ఇస్త్రీతో ఒత్తి ఇవ్వడం ఆవిరమ్మ వంతు. మైనం దారంలోకి ఇంకితే ముడి నిలుస్తుంది.

షాపులో ఒక పద్ధతి ఉంది. చివరి ఇస్త్రీ పడకుండా ఏ కోటూ కొనేవాళ్ళ కంటపడకూడదు. లోపల ఎన్ని అతుకులున్నా, చంక ఎన్నిసార్లు విప్పి కుట్టినా, ఆ సంగతి ఎవరి నోటా రాకూడదు. “మన పాట్లు వాళ్ళకెందుకమ్మా? అద్దంలో వాళ్ళకి కోటు కనపడాలి, మనం కాదు,” అంటారు మాస్టారు. ఇద్దరూ ఆ పద్ధతిలోనే ముదిరారు. వాళ్ళ కొంప ముంచింది కూడా అదే.

జబ్బు వేళ్ళ కణుపుల్లో మొదలైంది. పొద్దున లేచేసరికి కాజాలక్క చేతులు చెక్కబారి ఉండేవి.

“ఏంటక్కా, ఇంకా పడుకున్నావు?”

“నేను లేచానే. నా వేళ్ళే ఇంకా లేవలేదు.”

మొదట్లో ఇద్దరూ నవ్వుకున్నారు. తర్వాత ఉంగరం వేలి నుంచి ఊడి రాలేదు. తర్వాత కుళాయి తిప్పడానికి మోచెయ్యి వాడటం మొదలుపెట్టింది. వీధి చివర డాక్టరు చూసి, ఇది వయసు నొప్పి కాదు, పెద్దాసుపత్రికి వెళ్ళమన్నాడు.

పెద్దాసుపత్రిలో కీళ్ళ డాక్టరమ్మ చిన్న వయసు మనిషే. కానీ వివరంగా చెప్పింది. ఒంట్లో కాపలా ఉండాల్సిన బలమే తిరగబడి కీళ్ళను తినేస్తోందట. దాన్ని ఆపే మాత్ర ఉంది, వారానికి ఒక్కసారి మింగాలి. “ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిదమ్మా. నొప్పి ఎప్పుడైనా తగ్గించొచ్చు. వంగిన వేలు మాత్రం వెనక్కి రాదు.”

“నాకు రెండు వేళ్ళు చాలు డాక్టరమ్మా,” అంది కాజాలక్క. కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ ఎత్తి చూపించింది. “ఈ రెంటినీ కాపాడు. మిగతావి తింటే తిననీ.”

డాక్టరమ్మ నవ్వలేదు. తొందరగా మొదలుపెడదామంది. అయితే ఈ మాత్ర వేసుకునేవాళ్ళ రక్తం మాటిమాటికీ చూస్తూ ఉండాలి, అది చూసే నర్సు ఒక్కతే. అందుకని కొత్తవాళ్ళను కొద్దికొద్దిగానే చేర్చుకుంటారు, జబ్బు ఎక్కువున్నవాళ్ళు ముందు. ఆ మాట చెప్పి, పైన చెప్పిన పనులన్నీ పురమాయించింది.

రక్తం సులువుగానే అయింది. ఎక్స్‌రే గది తలుపుకి తాళం వేసి ఉంది. మిషను చెడిపోయిందట, బాగుచేసే మనిషి రావాలట. వాళ్ళు వెళ్ళినప్పుడల్లా ఆ మనిషి రేపు వచ్చేవాడే. చివరికి మిషను బాగయింది, బొమ్మ వచ్చింది, అందులో ఎడమ ఊపిరితిత్తి మీద ఒక మచ్చ కనపడింది. ఎప్పటిదో పాత మచ్చ. పాతదని అందరికీ తెలుసు, కానీ పాతదని సంతకం పెట్టే డాక్టరు సెలవులో ఉన్నాడు.

“మచ్చ పాతదేనని నువ్వే అంటున్నావు కదయ్యా,” అని ఆవిరమ్మ కిటికీ దగ్గర గుమాస్తాను నిలదీసింది.

“నేనన్నా ఒకటే, మీరన్నా ఒకటేనమ్మా. ఆయన అనాలి.”

“ఈలోపు వేళ్ళు వంగిపోతే?”

“పక్కకి జరగండి, వెనక మనుషులున్నారు.”

ఇలా ఎండలు పోయాయి, వానలు వచ్చాయి. కాజాలక్క వేళ్ళ కణుపులు ఎర్రగా, నున్నగా, లోపల ఏదో దాచుకున్నట్టు ఉబ్బాయి. ఇద్దరూ కలిసి దారులు వెతుక్కున్నారు. కత్తెర రింగులకు మెత్తటి గుడ్డ చుట్టారు. సన్న సూది వదిలి లావు సూది పట్టారు. పొద్దున్నే ఆవిరమ్మ గోరువెచ్చటి నీళ్ళలో ఆమె చేతులు ముంచి, ఒక్కో వేలూ విడదీసేది. షాపులోకి దిగేముందే సూదులన్నిటికీ దారాలెక్కించి దిండుకి గుచ్చి పెట్టేది, అక్క తడుముకోవడం మాస్టారి కంటపడకుండా.

మాస్టారికి తెలియక కాదు. కానీ ఆయన ధోరణి ఆయనది. “ఏం కాజాలక్కా, ఈమధ్య సూదితో సరసాలాడుతున్నావు? ఒక్కో కాజాకి ఇంతసేపా?”

“మీ కత్తెర వంకర కోతలు సరిచేసుకుంటూ కుట్టొద్దూ?”

“అమ్మో, నోటికి మాత్రం వాపు రాలేదు.”

అందరూ నవ్వేవారు. నవ్వు అయ్యాక కాజాలక్క కోటు మడతలో చెయ్యి దాచుకునేది.

ఊపిరితిత్తుల డాక్టరు సెలవు నుంచి వచ్చాడు, బొమ్మను వెలుతురుకి పెట్టి కాసేపు చూశాడు, సంతకం పెట్టాడు. కీళ్ళు నొక్కి చూసే రోజు ఖాయమైంది. ఆ కబురు విన్నప్పటి నుంచి ఆవిరమ్మకు కాళ్ళు నేల మీద నిలవలేదు. ఇన్నాళ్ళూ తిరిగింది ఈ ఒక్క రోజు కోసమే. ఆ రోజు అక్క డాక్టరమ్మ ఎదుట సరిగ్గా కనపడాలి. సరిగ్గా అంటే ఏమిటో ఆమెకు ఒక్క అర్థమే తెలుసు.

మందుల షాపు ఆయన దగ్గరికి వెళ్ళింది. “వాపు గభాలున దిగేదేదైనా ఉందా?” అనడిగింది.

“చీటీ ఉందా?”

“చీటీ కోసమే కదయ్యా ఈ తిప్పలు.”

ఆయన అటూ ఇటూ చూసి చిన్న తెల్ల మాత్రల పట్టీ కాగితంలో చుట్టి ఇచ్చాడు. “నాలుగైదు రోజులు వెయ్యి. చేతులు కొత్తపెళ్ళికూతురి చేతుల్లా అవుతాయి. అలవాటు మాత్రం చెయ్యకు.”

నిజంగానే అయ్యాయి. మూడో పూటకే కాజాలక్క పిడికిలి మూసింది. తన చెయ్యి తనే తిప్పి తిప్పి చూసుకుని, “ఒసే, వీటిని ఎక్కడ దాచావే ఇన్నాళ్ళూ?” అంది. వెళ్ళే పొద్దున ఆవిరమ్మ ఇంకా తెల్లవారకముందే లేచింది. వేడినీళ్ళలో చేతులు నానబెట్టింది, నూనె రాసి మర్దన చేసింది, గోళ్ళు తీసింది, తల దువ్వింది. ఉన్నవాటిలో మంచి బట్టలు తీసి, చేతి అంచుల దగ్గర ఒక్క ముడత లేకుండా ఇస్త్రీ చేసి వేసింది.

“చాల్లేవే, నువ్వు ఇస్త్రీ చేస్తే శవం కూడా లేచి కూర్చునేలా ఉంది,” అంది కాజాలక్క. అన్నా, అద్దంలో చూసుకుని మురిసింది.

డాక్టరమ్మ ముందు బల్ల మీద ఆ చేతులు పరిచినప్పుడు, పూర్తయిన కోటును బల్ల మీద పరిచినప్పటి తృప్తి కలిగింది ఆవిరమ్మకు.

“పొద్దున లేవగానే బిగుసుకుంటున్నాయామ్మా?”

“ఆఁ, కాసేపు. తర్వాత వాటికవే సర్దుకుంటాయి.”

“కాసేపంటే?”

కాజాలక్క పక్కకు చూసింది. “ఏదో, కాసేపేనండీ,” అని ఆవిరమ్మ అందించింది.

డాక్టరమ్మ ఒక్కో కణుపూ నొక్కింది. “నొప్పా?”

“పర్వాలేదు.”

“ఇక్కడ?”

“పర్వాలేదమ్మా.”

“పిడికిలి మూయండి. బాగుంది. నొప్పికి ఏమైనా మాత్రలు వేసుకుంటున్నారా?”

“అబ్బే, ఏమీ లేదండీ,” అన్నారు ఇద్దరూ ఒకేసారి. అబద్ధం ఆడుతున్నామని వాళ్ళకు అనిపించలేదు. చంక ఎన్నిసార్లు విప్పి కుట్టారో కొనేవాళ్ళకు ఎవరు చెబుతారు?

డాక్టరమ్మ మొహం విప్పారింది. “నేను భయపడినంత లేదు. దానంతటదే కాస్త నెమ్మదించినట్టుంది. మంచిదే. ఇంతకంటే కష్టంలో ఉన్నవాళ్ళు బయట చాలామంది ఉన్నారమ్మా, వాళ్ళకి ముందు మొదలుపెడతాను. మిమ్మల్ని వెనక వరసలో ఉంచుతాను. చలికాలం పోయాక పిలుస్తారు.”

ఇద్దరూ దణ్ణాలు పెట్టి బయటికి వచ్చారు. పరీక్ష పాసైన పిల్లల్లా వచ్చారు. మెట్ల మీద ఆవిరమ్మ అక్క చెయ్యి పట్టుకుని, “చూశావా, బాగుందంది,” అంది. ఆ మాట తర్వాత ఆమె ఎన్నిసార్లు మనసులో తిరగేసుకుందో లెక్కలేదు.

పట్టీలో మాత్రలు అయిపోయాయి. అయిపోయిన రెండో రోజు పొద్దున కాజాలక్క పిలిచిన పిలుపు మామూలు పిలుపు కాదు. దుప్పటి మీది నుంచి చేతులు ఎత్తలేకపోయింది. దిగిన వాపు పగబట్టినట్టు తిరిగొచ్చింది, మణికట్లు కూడా ఎక్కింది. ఆవిరమ్మ పరుగున మందుల షాపుకి వెళ్తే, “మళ్ళీ మళ్ళీ ఇవ్వకూడదమ్మా, నన్ను ఇరికించకు,” అన్నాడాయన.

అటు చూస్తే చలికాలపు కోట్ల హడావిడి మొదలైంది. షాపులో కోట్లు గోడ పొడుగునా వేలాడుతున్నాయి, ముందు భాగాలన్నిటి మీదా సుద్దగీతలు ఎదురుచూస్తున్నాయి. కాజాలక్క మణికట్టుకి గుడ్డపట్టీ బిగించుకుని కూర్చుంది. సూదిని వేళ్ళతో లాగలేక పళ్ళతో లాగడం మొదలుపెట్టింది. ఆవిరమ్మ ఇస్త్రీ బల్ల వెనక నుంచి అది చూసి, తల దించుకుని, మళ్ళీ ఆవిరి లేపేది. ఆవిరిలో ఎవరి కళ్ళు ఎందుకు తడిశాయో ఎవరూ అడగరు.

ఒకరోజు వరస ఎంతవరకు వచ్చిందో కనుక్కుందామని ఆమె ఒక్కతే ఆసుపత్రికి వెళ్ళింది. నర్సు గది బయట బెంచీ మీద ఒకావిడ కూర్చుని ఉంది. రొట్టెల బట్టీలో పిండి పిసికే మనిషి. అదివరకు ఎక్స్‌రే గది తాళం ముందు వీళ్ళతో పాటే కాళ్ళరిగేలా తిరిగింది. చేతిలో మందు కాగితం ఉంది.

“మొదలుపెట్టేశారా మీకు?” ఆవిరమ్మ గొంతులో ఈర్ష్య దాగలేదు. “మీరు మా తర్వాతే కదా వచ్చింది?”

“అవునమ్మా. మీ అక్కకి ఇంకా ఇవ్వలేదా? అయ్యో, ఆవిడ చేతులు నాకంటే అధ్వాన్నంగా ఉండేవే!”

“డాక్టరమ్మ నొక్కి చూసి బాగుందంది.”

“బాగుందందా!” ఆవిడ వింతగా చూసింది. “నన్ను నొక్కి చూసిన రోజు నేను ఒళ్ళంతా పిండితో, తల కూడా దువ్వుకోకుండా వచ్చా. మా ఆయన బండి మీంచి దించి మోసుకొచ్చాడు. ఆవిడ ఇలా ముట్టుకుంటే గది దద్దరిల్లేలా అరిచా. సిగ్గేసిందనుకో. మీ అక్క అరవలేదా?”

ఆవిరమ్మ గోడకి చేరబడింది. బల్ల మీద పరిచిన ఆ చేతులు కళ్ళముందుకు వచ్చాయి. నూనె రాసిన చేతులు. గోళ్ళు తీసిన చేతులు. ముడత లేని చేతి అంచులు. డాక్టరమ్మ అడిగినప్పుడు తన నోటి నుంచి వచ్చిన “కాసేపేనండీ.”

గుమాస్తా లోపలికి వదల్లేదు. పేషెంటు లేకుండా డాక్టరుతో మాట్లాడకూడదట. ఆమె కదల్లేదు. సాయంత్రం డాక్టరమ్మ సంచీ తగిలించుకుని బయటికి వచ్చేదాకా తలుపు పక్కనే నిలబడి, రాగానే అడ్డంపడి, మాత్రల పట్టీ దగ్గర్నుంచి నూనె మర్దన వరకు ఒక్క బిగిన చెప్పేసింది. ఏడవకూడదనుకుంది గానీ కుదరలేదు.

డాక్టరమ్మ కోప్పడితే బాగుండేది. కోప్పడలేదు. గోడ పక్కనున్న కుర్చీలో కూలబడి నుదురు నొక్కుకుంది. “నేనింకో రెండు ప్రశ్నలు అడగాల్సింది. బయట అంతమంది ఉంటే, బాగుందని ఎవరైనా అంటే నాకూ హాయిగా ఉంటుంది. నమ్మేశాను.” తర్వాత అంది: “రేపు తీసుకురా. లేచింది లేచినట్టు తీసుకురా. నీళ్ళు వద్దు, నూనె వద్దు. మొహం కూడా కడగొద్దు. ఎలా ఉంటే అలా.”

ఇంటికొచ్చి ఆవిరమ్మ అక్క కాళ్ళ దగ్గర కూర్చుంది. “నా వల్లే అక్కా. నీ వరస నేనే పోగొట్టాను.”

కాజాలక్క మామూలుగానే మాట్లాడింది. “మాత్ర నువ్వు తెచ్చావు. మింగింది ఎవరు? ఆ పిల్ల నొక్కినప్పుడు ప్రాణం పోయింది ఒక్కచోట. ఈ కణుపు దగ్గర. మాత్ర వేసుకున్నా కూడా. పర్వాలేదన్నది నా నోరా, నీ నోరా?”

“ఎందుకన్నావక్కా?”

“అలవాటే. బల్ల మీద పెట్టాక వంక చెప్తామా ఎప్పుడైనా?”

మర్నాడు రేగిన జుట్టుతో, నిద్రబట్టలతో, ఆవిరమ్మ నడుం పట్టుకుని నడిపిస్తే కాజాలక్క ఆసుపత్రి మెట్లెక్కింది. వీధిలో అందరూ చూశారు. జీవితంలో ఎన్నడూ ఇస్త్రీ లేకుండా గడప దాటని మనిషి. డాక్టరమ్మ నొక్కినప్పుడు ఈసారి అరిచింది. అరవమని ఆవిరమ్మ చెప్పాల్సిన పని లేకపోయింది. వెనక వరసలోంచి ముందు వరసకు మార్చారు.

అయినా అక్కడితో అయిపోలేదు. చీటీ లేని మాత్రలు మింగింది కాబట్టి రక్తం పరీక్షలన్నీ మళ్ళీ చెయ్యాలి. అవి తేడాగా వచ్చాయి, కొన్నాళ్ళు ఆగి ఇంకోసారి చెయ్యాలన్నారు. ముందు వరసలో ఉన్నవాళ్ళకీ ముందు మనుషులున్నారు. నొప్పికి డాక్టరమ్మ ఇచ్చిన మందు కొంత ఊరట ఇచ్చింది గానీ, వేళ్ళు అసలు మాత్ర కోసం ఆగలేదు. కుడిచేతి నాలుగు వేళ్ళూ చిటికెనవేలి వైపుకి, అటు నుంచి ఎవరో పిలుస్తున్నట్టు, మెల్లగా వాలడం మొదలుపెట్టాయి. పొద్దున్నే ఆవిరమ్మ వాటిని నిటారుగా నిలబెట్టి పట్టుకునేది. వదలగానే మళ్ళీ వాలేవి. బొటనవేలు కణుపు దగ్గర మడతపడింది.

“ఇంట్లో ఉండక్కా, మాస్టారికి నేను చెప్తాను.”

“ఇంట్లో ఉంటే వేళ్ళు ఇంట్లో వాలతాయి. అంతే కదా.”

ఆ రోజు బల్ల మీద ఉన్నది బూడిదరంగు ఉన్ని కోటు. మంచి బట్ట. చంకలు, కాలరు, లోపలి గుడ్డ, అన్నీ అయిపోయి కాజాల దగ్గరికి వచ్చింది. కాజాలక్క ఉలి తీసుకుంది. ఎడమచేత్తో ఉలి పట్టుకుని కుడిచేత్తో సుత్తి ఎత్తింది. ఆవిరమ్మ ఇస్త్రీ బల్ల దగ్గర నుంచి ఆ చప్పుడు విన్నది. ఇన్నేళ్ళుగా వింటున్న చప్పుడు, ఒకే ఒక్క దెబ్బ. ఈసారి దెబ్బ వెంటే ఏదో గీరుకున్న చప్పుడు వచ్చింది.

ఉలి వేళ్ళలోంచి జారి గీత దాటి, అంచు దాకా వెళ్ళింది. కోటు రొమ్ము మీద చీలిక, ఎవరైనా కత్తితో పొడిచినట్టు.

మాస్టారు లేచి వచ్చారు. చీలికను రెండు వేళ్ళతో దగ్గరికి చేర్చి చూశారు, వదిలేశారు. సరసమూ లేదు, కోపమూ లేదు. “ఈ బట్ట ఇంకో తాను ఉందేమో చూస్తాను,” అన్నారు. తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగి, “కాజాలక్కా, ఇంక నువ్వు పైకెళ్ళి పడుకోమ్మా,” అన్నారు. ఆయన ఆమెను అమ్మా అని పిలవడం అదే మొదటిసారి. దాంతో అందరికీ అర్థమైపోయింది.

కాజాలక్క ఉలినీ సుత్తినీ గుడ్డలో చుట్టి, సూదిదిండు పక్కన సర్ది, లేచింది. మెట్లెక్కడానికి ఎవరి సాయమూ తీసుకోలేదు. కాజాల కోసం మిగతా కోట్లు వీధి అవతల మిషను పెట్టుకున్నవాళ్ళ దగ్గరికి వెళ్ళాయి. అవి గబగబా అయి తిరిగొచ్చాయి. కొనేవాళ్ళలో ఒక్కరూ తేడా కనిపెట్టలేదు. కాజాలక్కకు ఆ సంగతి చెప్పకుండా దాచాలని ఆవిరమ్మ చూసింది గానీ, ఆమె కిటికీలోంచి అంతా చూస్తూనే ఉంది.

నర్సు పిలుపు చలికాలం చివర్లో వచ్చింది. పలికారు. చిన్న పసుపు మాత్ర. ఇంత దాని కోసమా అనిపించేంత చిన్నది. మింగిన వారం ఏమీ జరగలేదు. నెమ్మదిగా, అలల్లా, వాపు దిగసాగింది. మణికట్లు బయటపడ్డాయి. పొద్దున్నే వేడినీళ్ళు అక్కర్లేకపోయింది. రాత్రి దుప్పటి తనే లాక్కోగలిగింది. మందు చెప్పిన పని చెప్పినట్టు చేసింది. జబ్బు ఎక్కడిదాకా వచ్చిందో అక్కడ ఆగింది.

వేళ్ళు మాత్రం వాలినచోటే ఉండిపోయాయి.

డాక్టరమ్మ కొత్తగా చేతుల బొమ్మలు తీయించి, పాతవాటి పక్కన పెట్టి చూసింది. ఆవిడ మొహంలోకి చూసి కాజాలక్కే ముందు మాట్లాడింది. “ఆ రెండు వేళ్ళు కాపాడమన్నాను కదా. మిగతా ఒళ్ళు కాపాడావు. అదీ తక్కువేం కాదులే.” ఆవిడను ఊరడించడానికే అంది. బయటికి వచ్చాక బెంచీ మీద కూర్చుని, వాలిపోయిన ఆ చేత్తోనే మొహం కప్పుకుంది. ఆవిరమ్మ ఆమె జుట్టు సర్దబోయి, చెయ్యి వెనక్కి తీసుకుంది.

ఇప్పుడు ఆ షాపులో మంచి బట్ట వచ్చినప్పుడు కాజాలు ఆవిరమ్మ కుడుతుంది. కాజాలక్క పక్కన పీట మీద కూర్చుని నోటితో చెబుతుంది. “అంత లాగకే, దాని గొంతు నులుముతున్నావు. ఊఁ. ఇప్పుడు వదులు. అది ముడి కాదే, కురుపు. విప్పు.” ఆవిరమ్మ విప్పి మళ్ళీ వేస్తుంది. బాగానే వస్తున్నాయి. ఆవగింజలు పేర్చినట్టు మాత్రం రావు. రావని ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ ఆ మాట ఎత్తరు. అప్పుడప్పుడు కాజాలక్క మరిచిపోయి సూది కోసం చెయ్యి చాపుతుంది. సూది అందుతుంది గానీ నిలవదు. ఆవిరమ్మ ఏమీ చూడనట్టు వంగి, నేల మీంచి సూది తీసి దిండుకి గుచ్చుతుంది.

కోటు లోపల షాపు పేరు ఉంటుంది. కాజాలు కుట్టినవాళ్ళ పేరు ఎక్కడా ఉండదు. ఇది చదివే మీరు రేపో మాపో మీ ఇంటి మనిషిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్తూ, తల దువ్వబోతారు, మంచి బట్టలు తీయబోతారు, “పర్వాలేదని చెప్పు” అని గుమ్మంలో నేర్పబోతారు. అప్పుడు ఒక్క క్షణం ఆగి కాజాలక్కను తలుచుకోండి. గది దద్దరిల్లేలా అరవాల్సిన చోట, ఇస్త్రీ చేసిన చేతులు బల్ల మీద పరిచి పర్వాలేదమ్మా అన్న మనిషిని గుర్తుపెట్టుకోండి.